ఓడలో వంట ఎవురు చేసినారు?

తిరుమల పోయి వచ్చినవాళ్ళని ఒకసారి కదిపి చూడండి. దర్శనం సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తారు, "బాగా అయింది" అని. ఆ తరవాత అసలు పురాణం విప్పుతారు. ఏ కంపార్టుమెంటులో ఎన్ని గంటలు కూర్చోబెట్టారు, పాలు ఎప్పుడు తెచ్చి ఇచ్చారు, ఉప్మా వేడిగా వుందా చల్లారిపోయిందా, కల్యాణకట్టలో గుండు చేసినాయన చెయ్యి తేలికా బరువా, సన్నిధిలో "జరగండమ్మా, జరగండి" అంటూ పక్కకి జరిపిన మనిషి మొహం ఎలా వుంది - అన్నీ పూసగుచ్చినట్టు చెప్తారు. స్వామి కనిపించింది రెండు క్షణాలు. కథ నడిచేది రెండు గంటలు. ఆ రెండు గంటల నిండా మనుషులే.

యాత్రాసాహిత్యం గురించి రాయబోతూ తిరుమల క్యూ ఎందుకు ఎత్తుకున్నానంటే, ఈమధ్య దక్షిణధ్రువ ప్రాంతానికి ఓడల్లో విహారయాత్ర చేసి వచ్చినవారి రాతలు కొన్ని వరసబెట్టి చదివాను. యాత్ర కంపెనీలవాళ్ళు అచ్చువేసే రంగురంగుల పుస్తకాలు కూడా తిరగేశాను. అంతా చదివి పక్కన పెట్టాక మనసులో మిగిలింది మంచు. నీలంమంచు, తెల్లమంచు, గాజులా మెరిసే మంచు, ఫిరంగి పేలినట్టు విరిగిపడే మంచు. మంచు తరవాత పెంగ్విన్లు, పెంగ్విన్ల తరవాత తిమింగిలాలు. బాగా రాశారు, కాదనను. కొందరు మంచుకున్న రంగుల్ని చెప్పిన తీరు చూస్తే చీరల కొట్టువాడు కూడా సిగ్గుపడాలి. అయితే, పదిరోజులపాటు వాళ్ళని మోసిన ఓడ ఎలా నడిచిందో, ఎవరు నడిపారో ఎక్కడా తగల్లేదు. ఓడ తనంతట తాను కదిలింది. పక్కగుడ్డలు వాటంతట అవే మారాయి. బల్లమీదికి అన్నం నడిచి వచ్చింది!

ఇది చిన్న లోపమేమీ కాదు. 2022-23 సీజన్లో అంటార్కిటికా యాత్రికుల సంఖ్య లక్ష దాటింది. తిరుమల లెక్కలో ఇది రెండురోజుల జనం, అంతే. అయినా ఆ చలిలో, ఆ సముద్రంలో, పూరిగుడిసె అద్దెకి దొరకని చోట, లక్షమందిని తీసుకుపోయి తీసుకురావటమంటే దాని వెనకాల ఎంత చాకిరీ వుండాలి? అంత చాకిరీని మాయం చెయ్యగలిగిన సాహిత్యం ఏ పనిముట్టుతో మాయం చేస్తున్నదో విమర్శకుడన్నవాడు చూడాలిగదా.

నాకు కనిపించిన మొదటి పనిముట్టు వ్యాకరణం. "భోజనం వడ్డించబడింది. పడవలు దించబడ్డాయి. మా బూట్లు శుభ్రం చెయ్యబడ్డాయి." ఇంగ్లీషులో ఈ పద్ధతి చెల్లుబాటవుతుంది. దాన్ని చూసి మనవాళ్ళు కూడా వాక్యానికొక 'బడు' తగిలిస్తున్నారు. తెలుగు క్రియకి ఒక మంచి అలవాటు వుంది. 'వడ్డించారు' అనగానే, పేరు చెప్పకపోయినా, చివరనున్న ఆ 'రు'లో ఎవరో నలుగురు గరిటె పట్టుకుని నిలబడి వుంటారు. 'వడ్డించింది' అంటే ఒకావిడ వుంటుంది. ఎవరు వుండారో, ఎంతమంది వుండారో క్రియే చెప్తుంది. 'వడ్డించబడింది' అన్నారనుకోండి, వడ్డించినవాడు పోయాడు, కూర ఒకటే మిగిలింది. మా వైపు పల్లెల్లో ఈ 'బడు'ని ఎవరూ వాడరు. పడటమంటే వాళ్ళకి తెలిసింది కిందపడటం, మాట పడటం.

రెండో పనిముట్టు పట్టుకున్నది నేను కాదు, ఒక అవ్వ. తిరుపతిలో తెలిసినవారింట్లో, విదేశంలో వుద్యోగం చేసే కుర్రవాడు తన అంటార్కిటికా ఫోటోలు గోడమీద వేసి చూపించాడు. మేమంతా మంచుని చూసి 'అబ్బ' అంటున్నాం. వాళ్ళ అవ్వ కళ్ళద్దాలు సవరించుకుని, "ఏం నాయనా, నూరుమందికి పైగానే వుండారు గదా, పది దినాలు నడిసముద్రంలో మీకంతా వంట ఎవురు చేసినారు?" అంది.

"షెఫులు వుంటారవ్వా."

"యా వూరోళ్ళు?"

కుర్రవాడికి తెలియదు. ఫోటోల్లో వెతికాడు. నాలుగువందల పైచిలుకు ఫోటోల్లో వంటవాడు ఒక్కదాంట్లోనూ లేడు.

"పోనీలే. వాళ్ళు గూడా దిగి చూసినారా, ఆ పిట్టల్ని?"

ఈ మూడో ప్రశ్నకి గదిలో ఎవరూ మాట్లాడలేదు. యాత్రాగ్రంథం చేతికొచ్చినప్పుడల్లా ఈ మూడు ప్రశ్నలు వేసి చూడమని నా సలహా. వంట ఎవరు చేశారు, వాళ్ళదే వూరు, వాళ్ళు కూడా చూశారా?

ఇంతకీ అవ్వ అడిగినదానికి జవాబు వుంది. రాతల్లో లేకపోయినా పనిలో వుంది.

ఈ ఓడల్లో ఎక్కువభాగం బయలుదేరేది అర్జెంటీనా దక్షిణపు కొసనున్న ఉషువాయా రేవునుంచి. నవంబరు మొదలు మార్చిదాకా, అంటే వాళ్ళ ఎండాకాలంలో, నడుస్తాయి. రేవుకి చేరిన రోజు పొద్దున్నే పాత యాత్రికులు దిగిపోతారు, సాయంత్రానికి కొత్తవాళ్ళు ఎక్కుతారు. మధ్యనున్న కాసిని గంటల్లో గదులన్నీ వూడ్చి, దుప్పట్లు మార్చి, చెత్త దించి, నూనె నింపి, బియ్యం దగ్గర్నుంచి ఉల్లిపాయలదాకా లోపలికి ఎక్కించాలి. పొద్దున ఒక పెళ్ళివారు ఖాళీచేసి వెళ్ళి, సాయంత్రానికి ఇంకో పెళ్ళివారు విడిదికి దిగితే, వంటవాళ్ళూ పనివాళ్ళూ మాత్రం వాళ్ళే అయితే ఎలా వుంటుందో ఊహించుకోండి. ఈ పెళ్ళి నెలల తరబడి ఆగకుండా జరుగుతుంది. ఓడ ఒకసారి కదిలాక పదిపన్నెండు రోజులు అంగడి లేదు. మరిచిపోయిన ఉప్పుకి పక్కింటికి పంపటానికి పక్కిల్లు కూడా లేదు.

కదలగానే డ్రేక్ జలసంధి, రెండురోజుల దారి. లోకంలో పేరుమోసిన పొగరుబోతు సముద్రాల్లో ఇదొకటి. యాత్రికులు రాసినవాటిలో ఈ రెండురోజుల మీద మంచి హాస్యం వుంటుంది: ఎవరెవరు ఎలా వాంతులు చేసుకున్నారు, ఎవరు మంచానికి కరుచుకుపోయారు. యాత్రికుడు పడుకోవచ్చు. వంటవాడు పడుకోకూడదు. పొయ్యిమీద గిన్నెలు జారకుండా చుట్టూ కమ్మీలు బిగించి, ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో గరిటె పట్టుకుని వండాలి. బల్లలమీది గుడ్డల్ని తడుపుతారు, కంచాలు జారకుండా. తడిగుడ్డమీద కంచం నిలుస్తుందన్న ఇంగితం ఎంత సొగసైనదో చూడండి. పదిపేజీల మంచువర్ణన ఇచ్చి ఈ ఒక్క తడిగుడ్డని ఇవ్వమంటే నేను బేరానికి సిద్ధం.

అవతలికి చేరాక యాత్రికులకి పండగ. పడవలవాళ్ళకీ దారిచూపేవాళ్ళకీ అసలు పని అప్పుడు మొదలు. అక్కడ రేవులుండవు. గాలి నింపిన రబ్బరు పడవల్ని - జోడియాక్ లంటారు - క్రేనుతో నీళ్ళలోకి దించుతారు. ఒక్కోదాంట్లో పదిమంది చొప్పున యాత్రికులు. వాళ్ళకంటే ముందు గైడ్లు వెళ్ళి ఒడ్డు చూసుకుని, ఎక్కడ నడవాలో ఎక్కడ నడవకూడదో గుర్తుకి కర్రలు పాతి, తిండి, డేరాలు, మందులు వున్న పెట్టెలు ముందుగా దించుతారు. గాలి తిరగబడి ఓడకి చేరే వీల్లేకపోతే ఒడ్డున దిగినవాళ్ళు రాత్రి గడపాలిగదా. పడవ ఒడ్డుకి తగిలేచోట ఇద్దరు నడుములోతు మంచునీళ్ళలో నిలబడి దాన్ని పట్టుకుంటారు. యాత్రికుడి చెయ్యి పట్టి దింపేది వాళ్ళే. ఫోటోలో ఆ చెయ్యి మోచేతిదాకా పడుతుంది. ఆ పైన వుండదు.

మన వైకుంఠం క్యూకాంప్లెక్సు మనకే సొంతమనుకుంటాం. అక్కడా కంపార్టుమెంట్లే. యాత్రలు నడిపేవాళ్ళు 1991లో 7 కంపెనీలతో ఒక సంఘం పెట్టుకుని రాసుకున్న నియమాలున్నాయి. ఒక చోట ఒడ్డుమీద ఒకేసారి 100 మంది యాత్రికులకి మించకూడదు. ఇరవైమందికి ఒక గైడు వుండాలి. 500 మందికి పైగా యాత్రికులున్న ఓడ ఎవర్నీ దింపకూడదు. ఓడమీదనుంచే దండం పెట్టుకు పోవాలి. పెంగ్విన్ కి 5 మీటర్ల దూరంలో నిలబడాలి. దిగేముందూ ఎక్కాకా బూట్లు మందునీళ్ళలో కడగాలి. జేబుల మడతల్లో, గుడ్డ అంచుల్లో గడ్డివిత్తనం దాక్కుని వస్తుందేమోనని వాక్యూము మిషను పెట్టి లాగాలి. పక్షిజ్వరం మూలాన నేలమీద కూర్చోవటం, మోకాళ్ళూనటం, సంచీ కింద పెట్టటం కూడా మానిపించారు. గులకరాయి ఒక్కటి తేకూడదు. (పెంగ్విన్లు మాత్రం గూటికోసం ఒకదాని రాళ్ళు ఒకటి నిక్షేపంగా దొంగిలిస్తాయి. వాటికి నియమాలు వర్తించవు.) ఈ నియమాల్ని యాత్రికులు భక్తిగా రాస్తారు. వందమంది బూట్లూ రోజుకి రెండుసార్లు తోమించి, ప్రతి జేబూ తిప్పి చూసినవాడి నడుం సంగతి రాయరు.

ఇక ఓడ అడుగున చాకలిపని, వంటపని, యంత్రాలపని. కిటికీలు లేని అంతస్తులు అవి. పైన రాత్రి పదకొండైనా వెలుతురు పోదు. కింద పట్టపగలైనా దీపం ఆరదు. ఫిలిప్పీన్సు, ఇండోనేషియా, ఇండియా - ఇలాంటి దేశాలవాళ్ళే ఈ పనుల్లో ఎక్కువ. విశాఖ, శ్రీకాకుళం కుర్రాళ్ళు ఓడలెక్కటం కొత్త సంగతేం కాదు. తిరుపతిలో హోటల్ మేనేజిమెంటు చదివిన పిల్లవాడు రేపు అక్కడ ఉల్లిపాయలు తరుగుతూ వుండవచ్చు. వాళ్ళు ఒడ్డుమీదికి దిగుతారా అన్నది అవ్వ మూడో ప్రశ్న. పని తెరిపి ఇచ్చి, పడవ ఖాళీ దొరికి, వాతావరణం కుదిరితే దింపుతారు. కుదరకపోతే లేదు. యాత్రికుడు ఎంతో సొమ్ము పోసి ఒకసారి చూసేదాని పక్కనే సీజనంతా తిరుగుతూ, దాన్ని వంటింటి గోడ అవతలి చప్పుడుగా మాత్రమే తెలుసుకున్నవాళ్ళు వుంటారన్నమాట.

ఈ రకం ఓడలకి పెద్దక్క 'లిండ్ బ్లాడ్ ఎక్స్ ప్లోరర్'. లార్స్ ఎరిక్ లిండ్ బ్లాడ్ అనే ఆయన 1966లో అద్దె ఓడలో యాత్రికుల్ని అంటార్కిటికాకి తీసుకుపోయి, తరవాత ఇందుకోసమే 1969లో ఫిన్లండులో కట్టించిన ఎర్రటి చిన్న ఓడ. 2007 నవంబరు 23న అది మంచుకి తగిలి చిల్లుపడి మునిగిపోయింది. అందులో వున్న 154 మందీ పడవల్లో గంటల తరబడి చలిలో తేలి, నార్వే ఓడ ఒకటి వచ్చి ఎక్కించుకుంటే బతికారు. పక్కకి ఒరిగిన ఆ ఎర్ర ఓడ ఫోటో ప్రపంచమంతా అచ్చయింది. ఎందుకు చెప్తున్నానంటే, పనివాళ్ళు కథలోకి వచ్చేది అప్పుడే. నీళ్ళు తోడినవారు, దిక్కుతోచనివాళ్ళని పడవల్లోకి ఎక్కించినవారు ఆ రోజున కనిపించారు. తిరుమల యాత్రికుడి పద్ధతీ ఇదే మరి. పాలు టైముకి అందితే పాలు తెచ్చినవాడి వూసెత్తడు. అందకపోతే వాడి ఏడుతరాల్నీ తలుచుకుంటాడు. పని సవ్యంగా సాగితే మనిషి కనపడకపోవటం పాత జబ్బు.

ఎంత పాతదో తెలియాలంటే కాలేజీ రోజుల్లో చాలామంది బట్టీపట్టిన కోలరిడ్జి పద్యం, ముసలి నావికుడి కథ, మళ్ళీ తెరవండి. 1798లో అచ్చయింది. దక్షిణధ్రువంవైపు పోయిన ఓడల సాహిత్యంలో దానికున్నంత పేరు దేనికీ లేదు. అది రాసేనాటికి కోలరిడ్జి సముద్రప్రయాణం చేసినవాడు కాదు. బళ్ళో ఆయనకి లెక్కలు చెప్పిన విలియం వేల్స్ అనే పంతులు మాత్రం కెప్టెన్ కుక్ రెండో యాత్రలో వెళ్ళి, 1773 జనవరిలో దక్షిణధ్రువవృత్తం దాటినప్పుడు ఆ ఓడలోనే వున్నాడు. ఆ పద్యంలో ఓడమీద రెండువందలమంది వున్నారు. పక్షిని చంపిన పాపం ఒకడిది, చచ్చింది తక్కిన అందరూ. వాళ్ళలో ఒక్కడికీ పేరు లేదు. అంతకన్నా విచిత్రం, వాళ్ళు బతికున్నంతకాలం ఏం పని చేశారో పద్యం పెద్దగా పట్టించుకోదు. చచ్చిపోయాక శవాలు లేచి తాళ్ళు లాగటం మొదలుపెట్టినప్పుడే ఓడపని మనకి కళ్ళకి కడుతుంది. నావికుడి సోదరుడి కొడుకు - అన్నకొడుకో తమ్ముడికొడుకో ఇంగ్లీషు చెప్పదు - వాడి శవమూ ఇతనూ మోకాలికి మోకాలు ఆనించి ఒకే తాడు లాగుతారు. వాడు మాట్లాడడు. ఆ పద్యంలో నన్ను వణికించేది దయ్యాల ఓడ కాదు, ఈ తాడు. ఓడలో చుట్టం వున్నాడని అప్పటిదాకా మనకి చెప్పనేలేదు! కోలరిడ్జి కావాలని చేశాడో లేదో గాని, పనివాడు కనపడాలంటే ముందు చావాలన్న నీతి అందులో వుండిపోయింది.

ఆ లెక్కన షాకిల్టను యాత్ర మేలు. 1914లో 28 మందితో బయలుదేరిన 'ఎండ్యూరెన్స్' ఓడ మంచులో ఇరుక్కుని 1915 నవంబరులో మునిగింది. ఒక్క ప్రాణం పోకుండా అందర్నీ వెనక్కి తెచ్చిన కథ అది. ఆ యాత్రలో ఫోటోలు తీసిన ఫ్రాంక్ హర్లీ, మంచులో వెన్నెలలో ఓడని తీసిన చేత్తోనే, ముగ్గురు మోకాళ్ళమీద వంగి ఓడలో నేల తోముతున్న ఫోటో కూడా తీశాడు. ఆ ముగ్గురిలో ఒకడు భూగర్భశాస్త్రవేత్త, ఒకడు డాక్టరు, ఒకడు ఓడ ఆఫీసరు. ఆ యాత్రలో చీపురికి హోదా తెలియదు. ధ్రువయాత్రల బొమ్మలన్నిటిలో ఆ నేల తోమే బొమ్మకే నా వోటు.

కాని అక్కడా వడ్రంగి దగ్గర ఆ మర్యాద ఆగిపోయింది. హారీ మెక్నీష్ అని. ఓడ మునిగాక, దొరికిన చెక్కముక్కలతో ఒక చిన్న పడవ గోడలు ఎత్తుచేసి, పైన కప్పు వేశాడు. ఆ పడవలోనే ఆరుగురు - అతనూ అందులో ఒకడు - వెయ్యికి పైగా కిలోమీటర్ల సముద్రం దాటి సాయం తెచ్చారు. అతను చేసిన తప్పల్లా, మంచుమీద బండ లాగుతున్న ఒకరోజున, ఓడ మునిగింది కాబట్టి ఓడ వొప్పందం కూడా మునిగినట్టే, ఇక హుకుము చెల్లదని ఎదురుతిరగటం. తిరిగి వచ్చాక తోటివాళ్ళలో ఎక్కువమందికి వచ్చిన ధ్రువపతకం అతనికి రాలేదు. మరి ముగ్గురికి కూడా రాలేదు. 1930లో న్యూజిలాండులో పేదరికంలో పోయాడు. ఓడలో అతను పెంచిన పిల్లిని మంచుమీద కాల్చేశారు. 2004లో అతని సమాధిమీద ఆ పిల్లికి కంచుబొమ్మ పెట్టారు. పతకం మాత్రం ఇవ్వలేదు. 1919లో వచ్చిన షాకిల్టను పుస్తకం చదివేటప్పుడు ఈ వడ్రంగిని పక్కన కూర్చోబెట్టుకుని చదవండి. వాక్యాలు కొన్ని వేరేగా వినిపిస్తాయి.

యాత్రికుడికి ఇవన్నీ ఎందుకు, డబ్బిచ్చి మంచు చూడ్డానికి పోయినవాడు మంచుని గురించి రాస్తే తప్పేమిటి అని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. దానికి నా జవాబు ఏనుగుల వీరాస్వామయ్యగారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న బయలుదేరి, దాదాపు వందమంది పరివారంతో, తిరుపతిమీదుగా కాశీకి వెళ్ళి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళైకి రాసిన ఉత్తరాలే ఆయన పోయాక 1838లో 'కాశీయాత్రచరిత్ర'గా వచ్చాయి. ఆయన భక్తుడు, పుణ్యం కోసం పోయారు. అయినా ఎక్కడ ఏ సరుకు దొరుకుతుంది, ఎక్కడ దొరకదు, నది ఎలా దాటాలి, దారి ఎలాంటిది, బస ఎక్కడ, మోసే బోయీల పరిస్థితి ఏమిటి - అన్నీ రాశారు. తిరుమల కొండెక్కి స్వామిని చూసినాయన, ఆ గుడివల్ల కుంపిణీకి ఏటా ఎంత రూక ముడుతున్నదో కూడా రాసిపెట్టారు. భక్తికి లెక్క అడ్డంరాలేదు, లెక్కకి భక్తి అడ్డంరాలేదు. ఆయన ఫిర్యాదు చెయ్యటానికి మాత్రమే పనివాళ్ళని పిలవలేదు. దారి వాళ్ళ కాళ్ళమీద సాగుతున్నది కాబట్టి వాళ్ళు పుస్తకంలోకి వచ్చారు. అవ్వ అడిగిన మొదటి రెండు ప్రశ్నలకైనా ఆ పుస్తకంలో జవాబు దొరుకుతుంది. రెండువందల ఏళ్ళకింద పల్లకీలో పోయిన మనిషి చూడగలిగినదాన్ని, చేతిలో కెమేరా, దుర్భిణీ రెండూ పెట్టుకున్నవాడు చూడలేకపోవటానికి కంటి జబ్బు కారణం కాదు.

ఓడలో పని గురించిన రాత ఒకటి మాత్రం నిజంగానే వుంది, అదీ ప్రతి ఓడలోనూ. 2013 ఆగస్టునుంచి అమల్లోవున్న నావికశ్రామికుల అంతర్జాతీయ వొప్పందం ప్రకారం, ఏ పనివాడు ఎప్పుడు పనిలోకి దిగాలో, ఎంత విశ్రాంతి వుండాలో - రోజుకి 10 గంటలకి తగ్గకుండా, వారానికి 77 గంటలకి తగ్గకుండా - ఒక పట్టీ రాసి అందరికీ కనపడే చోట తగిలించాలి. ఓడలో వాడుకలోవున్న భాషలోనూ, ఇంగ్లీషులోనూ రాయాలి. వంటవాడు, చాకలి, పడవ దించేవాడు, ఇంజనులో నూనె పోసేవాడు, అందరూ అందులో వుంటారు. 'బడు' ప్రయోగం ఒక్కటీ వుండదు. ఆ కాగితం వేలాడేది పనివాళ్ళు తిరిగే వసారాలో. అటువైపు యాత్రికుల్ని రానివ్వరు.